కారు టోటల్ లాస్ అయితే డబ్బు ఎంత వస్తుంది, ఆర్సీ ఎటు పోతుంది

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట వైపు మునిగిపోయినప్పుడు రోజుల తరబడి నీళ్ళలో నానిన కార్లని అందరం టీవీల్లో చూశాం. నీళ్ళు తీశాక వాటిని ఒక్కొక్కటీ టోయింగ్ బండి ఎక్కించి షోరూం వర్క్‌షాపులకి తోలారు. అక్కడ వారం రెండు వారాలు తిరిగాక చాలామంది ఓనర్లకి మొదటిసారి వినపడిన మాట "సార్, ఇది టోటల్ లాస్‌కి వెళ్తుంది". 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వానలప్పుడూ ఇదే జరిగింది. హైవే మీద లారీని గుద్దిన కారుకీ ఇంతే, వరదా యాక్సిడెంటా అన్నది పెద్ద తేడా కాదు, ఆ మాట తర్వాత నడిచే కథ మాత్రం ఒక్కటే. ఆ కథలో జనం డబ్బు గురించే కంగారుపడతారు, అది సహజం, కానీ డబ్బు అకౌంట్లో పడ్డాక కూడా ఒక పెద్ద పని మిగిలే ఉంటుంది, అది ఆర్సీ మీద ఉన్న మన పేరు. దాన్ని వదిలేసిన వాళ్ళే తర్వాత ఎక్కువ బాధపడతారు.

ముందు టోటల్ లాస్ అంటే ఏంటో చూద్దాం. కారు నుజ్జునుజ్జు అయితేనే టోటల్ లాస్ అనుకుంటారు, అలా ఏం లేదు. పాలసీలో ఉన్న లెక్క ఏంటంటే కారుని తెచ్చి బాగుచేసే ఖర్చు పాలసీ షరతుల ప్రకారం లెక్కేస్తే ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన కారు విలువలో, 75 శాతం దాటిందంటే దాన్ని కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్ కింద పరిగణిస్తారు. అంటే బయటికి గీత కూడా పడకుండా తళతళలాడుతున్న కారు కూడా డాష్‌బోర్డ్ దాకా మునిగితే టోటల్ లాస్ అవ్వచ్చు, ఎందుకంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ అయిన ఈసీఎం, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్, వైరింగ్ హార్నెస్, సీట్లు, కార్పెట్ అన్నీ కలిపి ఎస్టిమేట్ వేస్తే చుక్కలు కనిపిస్తాయి. 75 దాటకపోతే అది రిపేర్ క్లెయిమే, ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ లాంటి వాటి మీద 50 శాతం తరుగు తీసేసి మిగతాది ఇస్తారు, జీరో డెప్ అనే యాడ్ ఆన్ ఉంటే ఆ తరుగు తీయరు.

ఐడీవీ అంటే ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వాల్యూ. కారు కంపెనీ అమ్మే ఎక్స్ షోరూం ధరలోంచి కారు వయసుని బట్టి తరుగు తీసేస్తే వచ్చేది. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50. ఐదేళ్ళు దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ, ఓనరు ఇద్దరూ ఒప్పుకున్న ధర. రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కోసం కట్టినవి ఇందులో ఉండవు, అందుకే కొన్న ఏడాదికే టోటల్ లాస్ అయినవాళ్ళు "పన్నెండు లక్షలు పెట్టి కొంటే ఎనిమిదిన్నర వస్తాయంటున్నారు" అని లబోదిబోమంటారు. రిటర్న్ టు ఇన్‌వాయిస్ అనే యాడ్ ఆన్ ఆ తేడా కోసమే ఉంది, కొత్త కారుకి మొదటి రెండు మూడేళ్ళు అది తీసుకోవడం మంచిది, జీరో డెప్ తీసుకున్నాం కదా అన్నీ వచ్చేస్తాయి అనుకుంటే పొరపాటు, టోటల్ లాస్‌లో జీరో డెప్ వల్ల ఒక్క రూపాయి కూడా పెరగదు.

ఇంకో సంగతి. రెన్యువల్ టైంలో ప్రీమియం ఓ వెయ్యి తగ్గుతుందని ఆన్‌లైన్‌లో ఐడీవీ కిందకి లాగేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. దానికి దెబ్బ రెండు వైపులా పడుతుంది, ఒకటి చేతికొచ్చే డబ్బు తగ్గుతుంది, రెండు 75 శాతం గీత కూడా కిందకి జారుతుంది కాబట్టి మామూలుగా రిపేర్ అయ్యే కారు కూడా టోటల్ లాస్‌లోకి పోతుంది. ఇష్టంగా చూసుకునే కారు, బాగుచేయించుకుంటే ఇంకో ఆరేడేళ్ళు తిరిగే కారు, అలా ఆ వెయ్యి రూపాయల కోసం పోవడం చాలా బాధాకరం.

ఇక్కడే గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సినది ఒకటుంది. పాలసీ మొదలైన రోజున రాసిన ఐడీవీయే ఆ ఏడాదంతా టోటల్ లాస్ క్లెయిమ్‌కి మార్కెట్ వాల్యూగా లెక్క, మళ్ళీ తరుగు తీయకూడదు అని పాలసీ వర్డింగ్‌లోనే ఉంటుంది. "పదకొండో నెల నడుస్తోంది కదండీ, మార్కెట్లో ఈ కారు ఇంతే పలుకుతుంది" అని ఎవరైనా ఫోన్‌లో బేరం మొదలుపెడితే పాలసీలో ఆ లైను చూపించమనాలి, చాలాసార్లు బేరం అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం, ఊరికే ఉదాహరణకి. ఎక్స్ షోరూం పది లక్షలు, రెండేళ్ళు దాటాక రెన్యువల్ చేసిన 1200 సీసీ కారు. ఐడీవీ ఏడు లక్షలు. 75 శాతం అంటే ఐదు లక్షల ఇరవై ఐదు వేలు. నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పెట్టే సర్వేయర్ లెక్కలో రిపేర్ ఐదు లక్షల అరవై వేలు తేలింది, గీత దాటింది, టోటల్ లాస్. పదిహేను వందల సీసీ లోపు కారు కాబట్టి తప్పనిసరి కోత వెయ్యి రూపాయలు, అంతకన్నా పెద్ద ఇంజిన్ అయితే రెండు వేలు. అంటే ఓనరుకి రావాల్సింది 6,99,000. కానీ ఈ మొత్తం కంపెనీ ఒక్కటే ఇవ్వదు, ఎందుకంటే పాలసీలో ఉన్నది ఐడీవీలోంచి శిథిలం విలువ తీసేసి ఇస్తాం అని. ఆ శిథిలమే సాల్వేజ్.

సాల్వేజ్ ధర ఎలా తేలుతుందంటే సర్వేయర్ గానీ కంపెనీ గానీ కారు ఫోటోలు ఆన్‌లైన్ వేలంలో పెడతారు, పాత బండ్లు కొనే డీలర్లు దేశంలో ఎక్కడెక్కడి నుంచో బిడ్లు వేస్తారు, ఎక్కువ పాడినవాడి ధరే సాల్వేజ్ విలువ. మన ఉదాహరణలో 2,10,000 వచ్చిందనుకుందాం. అప్పుడు కంపెనీ 4,89,000 ఇస్తుంది, కారు తీసుకెళ్ళే డీలరు 2,10,000 ఇస్తాడు, రెండూ కలిస్తే 6,99,000. కాగితం మీద చాలా బావుంది. కానీ ఆ డీలరు వచ్చి చూసి "ఫోటోలో ఇంజిన్ బానే ఉంది, ఇక్కడ చూస్తే లాక్ అయింది, లక్షన్నర ఇస్తా" అన్నాడంటే ఆ అరవై వేల తేడా ఎవరు భరించాలి? ఓనరైతే కాదు. పాడిన ధర రాసిచ్చింది కంపెనీ తెచ్చిన కొనుగోలుదారుడే, అతను వెనక్కి తగ్గితే ఆ కబురు కంపెనీకి మెయిల్‌లో పెట్టి, అదే ధరకి వేరే కొనేవాణ్ణి తీసుకురండి లేకపోతే సాల్వేజ్ విలువ తగ్గించి క్లెయిమ్ పెంచండి అని అడగాలి. డబ్బు మొత్తం అకౌంట్లో పడ్డాకే తాళాలు ఇవ్వాలి, చెక్కు చూపించినా సరే, అడ్వాన్స్ ఇచ్చి బండి లాక్కెళ్తానన్నా సరే ఒప్పుకోకూడదు. సాల్వేజ్ విలువ నోటిమాటగా చెప్పి "ఇంతకి సెటిల్ చేసుకోండి" అంటే బిడ్ షీట్ అడగాలి, ఎన్ని బిడ్లు వచ్చాయి, ఎవరు ఎంత పాడారు అని. సర్వే రిపోర్ట్ కాపీ కూడా అడిగి తీసుకోవాలి, అసలు గొడవంతా అందులో అంకెల మీదే కాబట్టి.

చాలామందికి తెలియని తిరకాసు ఒకటుంది. ఒకే కారుకి రెండు సాల్వేజ్ ధరలు ఉంటాయి, విత్ ఆర్సీ ఒకటి, వితౌట్ ఆర్సీ ఒకటి. మన కారుకే విత్ ఆర్సీ 2,10,000 పలికితే వితౌట్ ఆర్సీ 1,20,000 పలకచ్చు. ఇనుము అదే, డోర్లు అవే, గేర్‌బాక్స్ అదే, మరి తొంభై వేల తేడా దేనికి? ఆ కాగితానికి. ఆర్సీతో కొన్నవాడు దాన్ని బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కించి సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు, చాలామంది చేసేది అదే, అందులో చట్టవిరుద్ధం ఏం లేదు. కానీ కొందరు చేసేది వేరే. దొంగిలించిన అదే మోడల్, అదే రంగు కారు తెచ్చి దాని ఛాసిస్ నంబర్ చెరిపేసి ఈ టోటల్ లాస్ కారు నంబర్ కొట్టి ఈ ఆర్సీతో తిప్పుతారు. 2020లో లక్నో పోలీసులు పట్టుకున్న ముఠా సరిగ్గా ఇదే చేసింది, టోటల్ లాస్ కార్ల కాగితాలు కొని దొంగ కార్లకి తొడిగింది, పదుల సంఖ్యలో కార్లు దొరికాయి. అలాంటి కారు ఎక్కడో పట్టుబడితే పోలీసులు ముందు వెతికేది ఆర్సీలో ఉన్న పేరునే.

కాబట్టి వితౌట్ ఆర్సీ, అంటే రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ చేయించి ఇచ్చే పద్ధతి మనశ్శాంతికి మంచిది. డబ్బు తగ్గిపోదా అంటే, కంపెనీ సాల్వేజ్ విలువ కూడా వితౌట్ ఆర్సీ ధరకే లెక్కేస్తే తగ్గదు. కంపెనీ 5,79,000 ఇస్తుంది, డీలరు 1,20,000 ఇస్తాడు, మొత్తం మళ్ళీ 6,99,000. ఓనరుకి పైసా తేడా లేదు, తేడా అంతా కంపెనీ జేబులో. అందుకే కంపెనీ వైపు నుంచి విత్ ఆర్సీ ధరే ముందు వినపడుతుంది. నష్టం ఎప్పుడంటే కంపెనీ లెక్కలో 2,10,000 తీసేసి, ఓనరేమో భయపడి ఆర్సీ క్యాన్సిల్ చేయించి 1,20,000కి అమ్ముకున్నప్పుడు. అందుకే సెటిల్‌మెంట్ లెటర్ మీద సంతకం పెట్టేముందు సాల్వేజ్ ధర ఏ పద్ధతిలో వేశారో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

మోటార్ వాహనాల చట్టం 1988లో 55వ సెక్షన్ ప్రకారం బండి ధ్వంసమైనా, ఇక ఎప్పటికీ వాడకానికి పనికిరాకుండా పోయినా ఓనరు 14 రోజుల్లో ఆ సంగతి ఆర్టీఓకి తెలియజేసి ఆర్సీ అప్పగించాలి. విత్ ఆర్సీ అమ్మితే 50వ సెక్షన్, అంటే మామూలు ట్రాన్స్‌ఫర్, ఫారం 29, ఫారం 30. మన దగ్గర జరిగేదేమో వేరు, ఖాళీ ఫారాల మీద నాలుగు సంతకాలు, వంద రూపాయల నోటరీ పేపరు, బండి వెళ్ళిపోయింది, "ట్రాన్స్‌ఫర్ మేం చేయించుకుంటాం సార్" అన్న మాట, ఆ తర్వాత ఆ నంబరు స్విచ్ ఆఫ్. ఈ నోటరీ పేపరు మనల్ని కాపాడుతుందని నమ్మేవాళ్ళు 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి తెలుసుకోవాలి. అందులో కారు 2007లోనే అమ్మేశారు, తర్వాత చేతులు మారింది, 2009లో ఆ కారు యాక్సిడెంట్ చేసి మనిషి చనిపోయాడు, ఆర్సీ మాత్రం మొదటాయన పేరు మీదే ఉంది. చట్టం దృష్టిలో ఓనరంటే రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడే, నష్టపరిహారం అతనిదే బాధ్యత అని కోర్టు తేల్చింది. టోటల్ లాస్ కారుకి ఇంకా ప్రమాదం ఎందుకంటే క్లెయిమ్ సెటిల్ అయ్యాక ఆ పాలసీని మామూలుగా అక్కడితో క్లోజ్ చేసేస్తారు, కొన్నవాడు కొత్త ఇన్సూరెన్స్ కట్టకుండా రోడ్డెక్కిస్తే పరిహారం కట్టేందుకు మధ్యలో కంపెనీ కూడా ఉండదు.

కాబట్టి విత్ ఆర్సీ ఇవ్వక తప్పకపోతే ఫారాల్లో కొనేవాడి పేరు, తేదీ నింపాకే సంతకం పెట్టాలి, ఆధార్, పాన్ కాపీలు తీసుకోవాలి, బండి ఇచ్చిన తేదీ, టైము రాసి డెలివరీ నోట్ మీద సంతకం చేయించాలి, ఆర్టీఓకి అమ్మేశానని తెలియజేసి ఎక్‌నాలెడ్జ్‌మెంట్ దాచుకోవాలి, ఆ తర్వాత నెలకోసారి ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి పేరు మారిందో లేదో చూడాలి. పేరు మారేదాకా వదలకూడదు, ఇదొక్కటి మాత్రం బతిమాలి చెప్పాల్సిన విషయం. కొనేవాడు వేరే రాష్ట్రం వాడైతే ఎన్ఓసీ తీసుకుని వెళ్ళి అక్కడ రిజిస్టర్ చేయించకుండా కూర్చునే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇంకో దారి 2021 రూల్స్ కింద పెట్టిన రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్లు. అక్కడ బండి అప్పగిస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు, స్క్రాప్ చేశాక సర్టిఫికెట్ ఆఫ్ వెహికల్ స్క్రాపింగ్ ఇస్తారు, వాహన్ అనే ప్రభుత్వ రికార్డులో రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ అవుతుంది. డబ్బు తుక్కు రేటుకే వస్తుంది, డీలరు ఇచ్చేదానికన్నా బాగా తక్కువ, కానీ పాత కారు, ఐడీవీ ఎలాగూ తక్కువ, సాల్వేజ్ కూడా చిన్న మొత్తమే అయితే ఇదే శుభ్రమైన పని.

లోన్ ఉన్న కారుదైతే వేరే తలనొప్పి. ఆర్సీలో హైపోథికేషన్, అంటే బండి బ్యాంకుకి తాకట్టు అన్న రాత, ఉంటే కంపెనీ డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. మన లెక్కలో ఇంకా ఐదున్నర లక్షల లోన్ ఉందనుకుంటే కంపెనీ ఇచ్చే 4,89,000 బ్యాంకు తీసేసుకున్నా 61,000 బాకీ మిగులుతుంది. అది కడితేగానీ బ్యాంకు ఎన్ఓసీ, ఆర్సీ మీద ఆ తాకట్టు తీయించే ఫారం 35 ఇవ్వదు, అవి లేకుండా సాల్వేజ్ కొనేవాడు డబ్బు ఇవ్వడు, అతను డబ్బు ఇస్తేగానీ ఓనరు దగ్గర 61,000 లేదు. ఈ చక్రంలో చాలామంది నెలలు నెలలు తిరుగుతారు, ఈలోపు షోరూం వాడు రోజుకింత అని పార్కింగ్ ఛార్జీ వేస్తుంటాడు. దీన్ని తెంపే మార్గం ఏంటంటే కొనేవాడి డబ్బులో బాకీ అంత భాగాన్ని నేరుగా లోన్ అకౌంట్లోకే కట్టించడం, దానికి బ్యాంకు నుంచి లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్ ముందే తీసుకుని తేదీతో సహా అందరికీ మెయిల్ పెట్టడం. కారు లేదు కదా అని ఈఎంఐ ఆపేస్తే మాత్రం సిబిల్ దెబ్బతింటుంది, సెటిల్ అయ్యేదాకా కడుతూనే ఉండాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి లోన్‌కీ క్లెయిమ్‌కీ మధ్య ఈ తేడా కోసం గ్యాప్ ఇన్సూరెన్స్ ఉంటుందని తెలుసు, అక్కడ టోటల్ లాస్ అయి బాగుచేసిన కారు టైటిల్ మీద ఆ ముద్ర కూడా ఉంటుంది. మన ఆర్సీ మీద అలాంటి ముద్రే లేదు, అందుకే విజయవాడలో మునిగిన కారు ఇంకెక్కడో పాలిష్ కొట్టుకుని షెడ్డులో అమ్మకానికి నిలబడినా కొనేవాడికి తెలిసే దారి తక్కువ. ఆ ముద్ర పెట్టడం పెద్ద కష్టం కాదు, డేటా అంతా కంపెనీల దగ్గరే ఉంది, ఎందుకు పెట్టరో అర్థం కాదు.

కారుని వదులుకోలేక మేమే ఉంచుకుంటాం అనేవాళ్ళు కూడా ఉంటారు, నెట్ ఆఫ్ సాల్వేజ్ మీద, అంటే సాల్వేజ్ విలువ పోను కంపెనీ ఇచ్చే 4,89,000 తీసుకుని కారు ఆటోనగర్‌కి తోలి పాత స్పేర్లతో బాగుచేయించుకోవడం. యాక్సిడెంట్ కారుకి, దెబ్బ బాడీ వరకే ఉంటే, మంచి మేస్త్రీ తెలిస్తే ఇది లాభమే. వరద కారుకి మాత్రం వద్దు, వైరింగ్ లోపల తుప్పు ఆరు నెలలకో ఏడాదికో బయటపడుతుంది, ఎయిర్‌బ్యాగ్ అవసరమైన రోజున తెరుచుకుంటుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా తర్వాత ఫుల్ ఇన్సూరెన్స్ దొరకడం కష్టం.

క్లెయిమే తిరగ్గొట్టే కారణాల్లో రెండు చెప్పాలి. సెకండ్ హ్యాండ్ కారు కొని ఆర్సీ మార్పించుకుని పాలసీ మాత్రం పాత ఓనరు పేరు మీదే వదిలేస్తే థర్డ్ పార్టీ వరకు పర్లేదు గానీ సొంత కారు నష్టానికి రాదు. రెండోది మునిగిన కారుని స్టార్ట్ చేయడం, ఇంజిన్‌లోకి నీళ్ళు లాగి లాక్ అయితే అది వరద నష్టం కాదు మీరు చేసుకున్నదే అంటారు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ లేకపోతే వాదన చాలా కష్టం. తాళం ముట్టుకోకుండా ఫోటోలు తీసి, నీళ్ళ గుర్తు ఎంత ఎత్తులో ఉందో కనపడేలా తీసి, టోయింగ్‌కి ఫోన్ చేయడమే.

టైము సంగతి, 2024 జూన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్ట్, అది వచ్చిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం. లేటవుతుంటే ఈ తేదీలు రాసి కంపెనీ గ్రీవెన్స్‌కి మెయిల్ పెట్టాలి, తర్వాత ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్. నెలలోపు జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గరే, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వచ్చు, కంపెనీ తిరగ్గొట్టిన ఏడాదిలోపు వెళ్ళాలి. లేదంటే మన జిల్లా వినియోగదారుల కమిషన్, దానికి రెండేళ్ళ గడువు. తక్కువ మొత్తానికి డిశ్చార్జ్ వోచర్, అంటే క్లెయిమ్ ముగిసిందని ఒప్పుకునే కాగితం, మీద సంతకం అడిగితే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి పెట్టాలి, సంతకం పెట్టినంత మాత్రాన ఫిర్యాదు చేసే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015లోనే చెప్పింది గానీ ఆ ఒక్క లైను చేతిరాతతో ఉంటే కేసుకి బలం వేరు.

మిగిలినవి చిన్న పనులు. అద్దం మీద ఫాస్టాగ్ పీకేసి ఇచ్చిన బ్యాంకుకి చెప్పి క్లోజ్ చేయించాలి, లేకపోతే ఎవడి టోలో మన అకౌంట్లోంచి పోతుంది. పెండింగ్ చలానాలు కట్టేయాలి, అవి ఉంటే ఆర్టీఓలో పని ఆగుతుంది. కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టి ఉంటే, టోటల్ లాస్‌లో దాన్ని క్యాన్సిల్ చేసే వీలుంది కాబట్టి మిగిలిన ఏళ్ళ ప్రీమియం సంగతి మెయిల్‌లో అడగాలి, అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు. యాక్సిడెంట్ కేసు అయి బండి స్టేషన్‌లో ఉంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి రిపోర్ట్ ఇచ్చేదాకా కదలదు, ఆ రిపోర్ట్ కాపీ క్లెయిమ్‌కి కూడా కావాలి. డ్యాష్‌బోర్డ్ పెట్టెలో ఆధార్ జిరాక్సులు, బ్యాంకు కాగితాలు, పాత సర్వీస్ బిల్లులు ఉంటాయి, కారుతో పాటు అవి కూడా వెళ్ళిపోకుండా టోయింగ్ బండి ఎక్కేముందే తీసుకోవాలి.